బడ్జెట్ పద్దుల మార్పిడి: వర్తకుడికి అందని పోలిక

2021 ఫిబ్రవరి 1న పార్లమెంటుకు సమర్పించిన కేంద్ర బడ్జెట్ పత్రాలలో ఆహార సబ్సిడీ పద్దు ఎదుట మూడు అంకెలున్నాయి. 2020-21 బడ్జెట్ అంచనా రు. 1,15,570 కోట్లు. అదే సంవత్సరానికి సవరించిన అంచనా రు. 4,22,618 కోట్లు. 2021-22 సంవత్సరానికి కేటాయింపు రు. 2,42,836 కోట్లు. ధాన్యం, బియ్యం వర్తకంలో ఉన్నవారికి ఈ పద్దు ముఖ్యమైనది. ప్రభుత్వం ఎంత సరకు కొనబోతున్నదీ, ఫుడ్ కార్పొరేషన్ చేతిలో ఎంత నగదు ఆడబోతున్నదీ దీన్నిబట్టే అంచనా కట్టడం బజారులో పరిపాటి.

ఆ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన దలాలుకు రెండు అభిప్రాయాలు కలగవచ్చు. ఒక బడ్జెట్ అంచనాను మరో బడ్జెట్ అంచనాతో పోల్చితే కేటాయింపు రెట్టింపు దాటింది. అంటే ప్రభుత్వ కొనుగోళ్ళు పెరుగుతాయి, బహిరంగ విపణికి సరకు తగ్గుతుంది, నిల్వ పట్టుకోవడం మేలు. సవరించిన అంచనాతో పోల్చితే అదే కేటాయింపు దాదాపు సగానికి పడిపోయింది. అంటే ప్రభుత్వం చేయి వెనక్కు తీసుకుంటున్నది, నిల్వ వదిలించుకోవడం మేలు. ఒకే పుట, ఒకే పద్దు, రెండు వ్యతిరేక నిర్ణయాలు. విశేషమేమిటంటే రెండూ తప్పే.

అసలు జరిగినది వేరు. ఫుడ్ కార్పొరేషన్ మద్దతు ధరకు ధాన్యం, గోధుమలు కొని చౌక ధరకు రాష్ట్రాలకు ఇస్తుంది. రెండింటి మధ్య తేడానూ, రవాణా, నిల్వ, వడ్డీ ఖర్చులనూ కేంద్రం సబ్సిడీగా భరించాలి. 2016-17 నుంచి ఈ మొత్తాన్ని కేంద్రం పూర్తిగా తన ఖజానా నుంచి చెల్లించకుండా, కొంత భాగానికి జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి కార్పొరేషన్‌కు అప్పు ఇప్పించింది. కార్పొరేషన్ పేరున ఉన్న ఆ అప్పు బడ్జెట్ ఖర్చులోకి రాలేదు. ద్రవ్య లోటులోకీ రాలేదు. పోస్టాఫీసులో జనం దాచుకున్న సొమ్ముతో సబ్సిడీ నడిచింది, పద్దు మాత్రం సన్నగా కనిపించింది.

2019-20లో ఇది కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. బడ్జెట్ అంచనా రు. 1,84,220 కోట్లు కాగా, సవరించిన అంచనాలో రు. 1,08,688 కోట్లకు దిగింది. 75 వేల కోట్లకు పైగా కోత పడిందన్నమాట. ఆ మేరకు కొనుగోళ్ళు తగ్గాయా అంటే, లేదు. అదే సంవత్సరం సవరించిన అంచనాలో కార్పొరేషన్‌కు చిన్న మొత్తాల నిధి అప్పు రు. 1,10,000 కోట్లుగా మరోచోట చూపారు. ఖజానా నుంచి ఇచ్చినదానికంటే అప్పుగా ఇప్పించినదే ఎక్కువ.

2021 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఈ అప్పుల పద్ధతికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించారు. పాత అప్పులను ఖజానా నుంచి తీర్చడానికి పూనుకున్నారు. 2020 ఏప్రిల్ నుంచి కోవిడ్ కాలపు ఉచిత ధాన్యం ఖర్చు అప్పటికే తోడయింది. అందువల్లనే సవరించిన అంచనా ఒక్కసారిగా నాలుగు లక్షల కోట్లు దాటింది, చివరకు వాస్తవ ఖర్చు రు. 5,41,330 కోట్లకు చేరింది. ఇది మంచి నిర్ణయం, మెచ్చుకోవలసిన నిర్ణయం. అయితే మంచి నిర్ణయం కూడా పోలికను చెడగొట్టగలదు.

సరైన పోలిక చేయాలంటే 2020-21 బడ్జెట్ అంచనాకు ఆ సంవత్సరం కార్పొరేషన్‌కు అనుకున్న అప్పు రు. 1,36,600 కోట్లను కలపాలి. కలిపితే రు. 2,52,170 కోట్లవుతుంది. దాని పక్కన 2021-22 కేటాయింపు రు. 2,42,836 కోట్లు పెడితే తేలేదేమిటి? సబ్సిడీ రెట్టింపు కాలేదు, సగం కాలేదు. దాదాపు నాలుగు శాతం తగ్గింది, అంతే. పై రెండు అభిప్రాయాలలో దేన్ని పట్టుకుని బేరం చేసినా, నేల మీద లేని మార్పును నమ్మి చేసినట్టే.

న్యాయంగా చెప్పాలంటే ప్రభుత్వం ఈ అప్పులను దాచిపెట్టలేదు. వ్యయ వివరణ పత్రంలోని 27వ పట్టికలో ఇవి ఉన్నాయి. కాని ఆహార శాఖ గ్రాంటు అభ్యర్థన ఒక సంపుటంలో, ఈ పట్టిక మరో సంపుటంలో. రెండింటినీ కలిపి కూడిక వేసి చూపిన పుట ఎక్కడా లేదు. ఢిల్లీలో పరిశోధన సంస్థలవారు ఆ కూడిక వేసుకోగలరు. మిర్యాలగూడలోనో తాడేపల్లిగూడెంలోనో మిల్లు నడుపుకునేవారికి మర్నాటి పత్రికలో కనిపించేది రెండు వాక్యాలే: గత ఏడాది ఇంత, ఈ ఏడాది ఇంత.

ఆ మిల్లరుకు దీనితో పని లేదా అంటే, చాలా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వికేంద్రీకృత సేకరణ రాష్ట్రాలు. ఇక్కడ ధాన్యం కొనేది రాష్ట్ర పౌరసరఫరాల సంస్థలు. బ్యాంకు అప్పుతో కొంటాయి, కస్టమ్ మిల్లింగుకు ఇస్తాయి, కేంద్రం సబ్సిడీ విడుదల చేసేదాకా వడ్డీ మోస్తాయి. లెవీ బియ్యం పద్ధతి 2015 అక్టోబరు నుంచి ఎత్తివేశాక మిల్లరు ఆదాయంలో ఈ కస్టమ్ మిల్లింగు వాటా పెరిగింది. ఢిల్లీలో పద్దు ఎండితే ఇక్కడ రైతు చెల్లింపులు, మిల్లు బిల్లులు, హమాలీ, గోనె సంచుల బాకీలు వరుసగా ఆగుతాయి. కనుక పద్దు నిజంగా ఎండిందా, లేక మరో పుటకు మారిందా అన్నది తెలియడం అతనికి వడ్డీ లెక్క.

వర్తకుడి దుకాణంలో ఇలా జరిగితే ఎవరూ ఒప్పుకోరు. కొట్టులోని నూరు బస్తాలు తమ్ముడి గోడౌనుకు మార్చి, చిట్టాలో నిల్వ తగ్గిందని రాస్తే లెక్కలు చూసే గుమాస్తాయే నిలదీస్తాడు. కంపెనీల విషయానికి వస్తే చట్టమే ఉంది. 2013 కంపెనీల చట్టం మూడవ షెడ్యూలు ప్రకారం ప్రతి అంకె పక్కనా గత సంవత్సరం అంకె చూపాలి. పద్దులు మార్చినప్పుడు పాత అంకెలనూ కొత్త పద్దుల్లోకి సర్ది చూపడం ఆనవాయితీ. ఏ ఆస్తి అప్పుల పట్టీ తిరగేసినా చివరి పుటల్లో "గత సంవత్సరపు అంకెలను అవసరమైనచోట పునర్వర్గీకరించడమైనది" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. చిన్న కంపెనీకి తప్పనిది పెద్ద ఖజానాకు ఎందుకు అక్కరలేదో తెలియదు.

ఆహార సబ్సిడీ ఒక్కటే కాదు. 2016-17 బడ్జెట్‌లో వ్యవసాయ, రైతు సంక్షేమానికి రు. 35,984 కోట్లని ప్రకటించినప్పుడు కేటాయింపు భారీగా పెరిగినట్టు కనిపించింది. అందులో రు. 15,000 కోట్లు పంట రుణాల వడ్డీ రాయితీ. అంతకుముందు అది ఆర్థిక మంత్రిత్వశాఖ కింద ఉండేది. ఆ సంవత్సరం వ్యవసాయ శాఖకు మారింది. రైతుకు అందే రాయితీ ఇల్లు మారింది గాని, ఆ మారడం వల్ల పైసా పెరగలేదు. అది తీసేస్తే మిగిలేది రు. 20,984 కోట్లు. పాత సంవత్సరాలతో పోల్చవలసింది ఈ అంకెను.

అదే 2016 ఏప్రిల్ 1న ధరల స్థిరీకరణ నిధి ఎదురు దారిలో నడిచింది. 2014-15లో రు. 500 కోట్లతో వ్యవసాయ శాఖ కింద పుట్టిన ఈ నిధి వినియోగదారుల వ్యవహారాల శాఖకు బదిలీ అయింది. కంది, మినుము, పెసర వర్తకులకు ఈ నిధి సంగతి కొత్త కాదు. పప్పుధాన్యాల బఫర్ నిల్వకు కొనుగోళ్ళు జరిగేది దీనితోనే. వ్యవసాయ శాఖ పుటలో వెతికినవారికి ఆ పద్దు మాయమైంది. ఒకే ఏడాది ఒక పెద్ద పద్దు లోపలికి వచ్చి, మరొకటి బయటికి పోతే ఆ శాఖ మొత్తం అంకెకు గత సంవత్సరపు మొత్తంతో ఏం చుట్టరికం?

సుంకాల విషయంలోనూ ఈ తిరకాసు ఉంది. నూనె వర్తకులు దీన్ని బాగా ఎరుగుదురు. 2021 ఫిబ్రవరి 2 నుంచి వ్యవసాయ మౌలిక సదుపాయాల, అభివృద్ధి సెస్సు అమల్లోకి వచ్చింది. ముడి సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల దిగుమతి సుంకం 35 శాతం నుంచి 15 శాతానికి తగ్గింది. మూల సుంకం వరస మాత్రమే చూసినవాడు నూనె చౌక అవుతుందనుకుంటాడు. కాని దాని మీద 20 శాతం సెస్సు పడింది. రెండింటిపైనా పదోవంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి కలిపితే పాత మొత్తం 38.5 శాతమే, కొత్త మొత్తమూ 38.5 శాతమే. ముడి పామాయిలు సంగతి ఇంకా విచిత్రం. మూల సుంకం 27.5 నుంచి 15కు దిగింది, సెస్సు 17.5 పడింది. సర్‌ఛార్జితో కలిపి భారం 30.25 నుంచి 35.75 శాతానికి పెరిగింది. పేరుకు తగ్గింపు, కాకినాడ రేవులో సరకు దించుకునేవాడికి పెంపు. ఆ తరువాత ఈ రేట్లు పలుమార్లు మారాయి గాని, మూల సుంకం వరసను ఏళ్ళ తరబడి గీసి చూసేవారికి 2021 దగ్గర ఆ తప్పుడు లోయ అలాగే ఉండిపోయింది. పైగా సెస్సు రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి రాదు. వర్తకుడు కట్టే సొమ్ము మారకపోయినా రాష్ట్రాల వాటా లెక్క మారింది.

ఇవన్నీ ఈ కాలపు వింతలు కావు. 1974 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఖాతాల పద్దులను కార్యక్రమాల వారీగా తిరగరాశారు. 1987 ఏప్రిల్‌లో మళ్ళీ సవరించారు. 1997లో తాత్కాలిక ట్రెజరీ బిల్లుల పద్ధతి పోవడంతో, దశాబ్దాలుగా పత్రికలు శీర్షికల్లో పెట్టిన బడ్జెట్ లోటు అన్న అంకె వాడుకలోంచి తప్పుకుంది. 1999 ఏప్రిల్ 1న జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి ఏర్పడింది. అంతకుముందు చిన్న మొత్తాల వసూళ్ళలోంచి రాష్ట్రాలకు ఇచ్చే అప్పు కేంద్రం ఖర్చులో, అందువల్ల లోటులో చేరేది. ఆ రోజు నుంచి చేరలేదు. ఖర్చులో పొదుపు చేయకుండానే లోటు తగ్గింది. పదిహేడేళ్ళ తరువాత ఫుడ్ కార్పొరేషన్‌కు అప్పులిచ్చింది కూడా ఈ నిధే కావడం గమనార్హం. 2017-18లో ప్రణాళిక, ప్రణాళికేతర వ్యయమన్న విభజన పోయింది, 1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్ సాధారణ బడ్జెట్‌లో కలిసింది. రెండూ ఒకే ఏడాది.

తెలుగు రాష్ట్రాల లెక్కలకు పట్టిన చిక్కు అన్నిటికంటే జటిలం. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది. 2014-15 ఆర్థిక సంవత్సరంలో మొదటి రెండు నెలలు ఉమ్మడి రాష్ట్రం, మిగిలిన పది నెలలు రెండు రాష్ట్రాలు. తెలంగాణ తొలి బడ్జెట్ 2014 నవంబరు 5న పది నెలల కాలానికి రు. 1,00,637 కోట్లతో వచ్చింది. 2015-16 బడ్జెట్ రు. 1,15,689 కోట్లు. మామూలుగా చూస్తే 15 శాతం పెరుగుదల. పది నెలల అంకెను పన్నెండు నెలలకు పెంచితే రు. 1,20,764 కోట్లవుతుంది, అప్పుడు రెండో ఏడాది కేటాయింపు తగ్గినట్టు తేలుతుంది. ఖర్చు ప్రతినెలా సమానంగా జరగదు కాబట్టి ఇదీ నికరమైన పోలిక కాదు. అయినా పెరుగుదల అన్న మాట తొందరపడి అనకూడదని చెప్పడానికి ఇది చాలు.

అది చాలదన్నట్టు అదే 2014-15లో కేంద్ర పథకాల సొమ్ము నడిచే దారి మారింది. అప్పటిదాకా చాలా పథకాల డబ్బు జిల్లా సంస్థలకు, సొసైటీలకు నేరుగా వెళ్ళేది. రాష్ట్ర ఖజానాను తాకేది కాదు. ఆ సంవత్సరం నుంచి రాష్ట్ర సంచిత నిధి ద్వారా రావడం మొదలైంది. రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల ప్రణాళికలకు కేంద్ర సాయం 2013-14 బడ్జెట్ అంచనాలో రు. 1,36,254 కోట్లుండగా 2014-15 మధ్యంతర బడ్జెట్‌లో రు. 3,38,562 కోట్లయింది. రాష్ట్రాలకు అంత అదనపు సొమ్ము రాలేదు. ఇదివరకు పక్కదారిన వెళ్ళేది ముందుగుమ్మం నుంచి వచ్చింది. దేశమంతటా రాష్ట్ర బడ్జెట్లు ఆ ఏడాది ఉబ్బినట్టు కనిపించాయి. తెలుగు రాష్ట్రాలలో మాత్రం ఉబ్బు, చీలిక ఒకేసారి వచ్చాయి. 2013-14కు ముందు అంకెలను తరువాతి అంకెలతో కలిపి రేఖ గీసే ఏ లెక్కనైనా సందేహించవలసిందే.

ఇందుకు అధికారుల సమాధానాలు లేకపోలేదు. పద్దులు శాశ్వతం కావు, పని మారితే పద్దు మారాలి అంటారు. నిజమే. ప్రణాళిక, ప్రణాళికేతర గీత చెరిపేయాలని రంగరాజన్ కమిటీ 2011లోనే చెప్పింది, చెరిపేయడం సరైనదే. మార్చవద్దని ఎవరూ అనడం లేదు. రెండో సమాధానం కొంత బరువైనది. పార్లమెంటు ఆమోదించిన అంకె, ఆడిట్ అయిన అంకె తరువాత దిద్దడానికి వీల్లేదంటారు. ఇదీ నిజమే, దిద్దనక్కరలేదు. ఆమోదించిన అంకె ఉన్నచోట ఉండనిచ్చి, దాని పక్కన కొత్త వర్గీకరణ ప్రకారం అదే సంవత్సరం ఎంతయ్యేదో మరో వరసలో వేస్తే సరిపోతుంది. కంపెనీలు చేసేది ఇదే. ఆడిట్ అయిన పాత పట్టీని ఎవరూ చించెయ్యరు.

చట్టంలో ఆధారం కూడా కొంత ఉంది. ఖాతాల రూపం కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సలహాపై రాష్ట్రపతి నిర్ణయించాలని రాజ్యాంగం 150వ అధికరణ చెబుతున్నది. ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం 2003లో వచ్చింది. దాని నియమాల ప్రకారం లెక్కల విధానంలో ముఖ్యమైన మార్పు ద్రవ్య సూచికలపై ప్రభావం చూపేటట్టయితే వెల్లడించాలి. లోపమంతా ఆ షరతులోనే ఉంది. వడ్డీ రాయితీ ఆర్థిక శాఖ నుంచి వ్యవసాయ శాఖకు పోతే లోటు మారదు. ధరల స్థిరీకరణ నిధి శాఖ మారితే లోటు మారదు. కనుక వెల్లడించే బాధ్యత ఆ నియమం కింద పడదు. లోటు చూసే రుణదాతకు రక్షణ ఉంది, పద్దు చూసే వర్తకుడికి లేదు.

ఈ పని ప్రభుత్వానికి చేతకానిదేమీ కాదు. టోకు ధరల సూచీ ఆధార సంవత్సరాన్ని 2004-05 నుంచి 2011-12కు మార్చి 2017 మేలో కొత్త వరుస విడుదల చేసినప్పుడు, పాత సూచీని కొత్తదానితో కలపడానికి 1.561 అన్న గుణకాన్ని కూడా ఇచ్చారు. ధరల పెంపు షరతు ఉన్న కాంట్రాక్టులు ఆగకుండా నడవడానికి ఈ ఒక్క అంకె చాలింది. బడ్జెట్‌కు గుణకం కుదరదు, ఒక పట్టిక కావాలి. ఏ పద్దు ఎక్కడినుంచి ఎక్కడికి మారింది, ఏది దేనిలో కలిసింది, ఏది రెండుగా చీలింది, ఆ మార్పు విలువ ఎంత. ప్రతి గ్రాంటు మొదటి పుటలో ఇది ఉండాలి. కొత్త పద్ధతి ప్రకారం కనీసం మూడేళ్ళ పాత అంకెలు పక్కన ఉండాలి. సబ్సిడీ పద్దుల కింద ఆ సంస్థ బయట తెచ్చిన అప్పు అదే పుటలో కనిపించాలి, 27వ పట్టిక దాకా పోనక్కర లేకుండా. మార్పు చేసే ఉద్యోగి బల్ల మీద ఈ వివరాలన్నీ ఆ రోజే ఉంటాయి. అచ్చు వేయడమే తరువాయి.

శాసనసభకు వ్యవసాయ బడ్జెట్ అంటూ విడిగా పత్రం సమర్పించే ఆంధ్రప్రదేశ్‌కూ ఇది వర్తిస్తుంది. 2013-14లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ కార్యాచరణ ప్రణాళికగా మొదలైన ఆ పత్రంలో అనుబంధ శాఖల పద్దులు కూడా కలిపి ఒక మొత్తం చూపుతారు. ఏ ఏడాది ఏ పద్దును చేర్చారో, దేన్ని వదిలారో తెలియనిదే ఆ మొత్తాలను వరసగా పేర్చడం వల్ల ప్రయోజనం లేదు.

ప్రస్తుతానికి ధాన్యం వర్తకులు జాగ్రత్త పడవలసిన పేరు ఒకటుంది. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన. 2020 నుంచి 2022 డిసెంబరు వరకు ఆ పేరుతో ఇచ్చినది కార్డుదారుల మామూలు కోటాకు అదనంగా తలకు నెలకు 5 కిలోలు. 2023 జనవరి 1 నుంచి అదనపు కోటా ఆగిపోయింది, ఆహార భద్రతా చట్టం కింది మామూలు కోటానే పూర్తి ఉచితం చేసి దానికి ఆ పేరు పెట్టారు. 2024 జనవరి నుంచి మరో అయిదేళ్ళు కొనసాగించాలని 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2022-23 సవరించిన అంచనాలో ఆహార సబ్సిడీ రు. 2,87,194 కోట్లు, 2023-24 బడ్జెట్ అంచనాలో రు. 1,97,350 కోట్లు. మొదటి అంకెలో తొమ్మిది నెలల అదనపు కోటా ఉంది, రెండోదానిలో లేదు. ఆ పేరు వెంట పడి 2020-21 అంకె దాకా వెనక్కి వెళ్ళేవారికి అక్కడ ఎదురయ్యేది వేరే సరకు.